వెన్ను సంగతి కూడా అడగండి

పొద్దున్నే లేవగానే పిల్ల వాంతి చేసుకుంటే మన ఇళ్లలో ముందుగా వినబడే మాట పైత్యం. రాత్రి తిన్నది అరగలేదంటుంది అమ్మమ్మ. నులిపురుగుల మందు వేసి ఎన్నాళ్లయిందని అడుగుతాడు నాన్న. సాయంత్రానికి ఎర్రనీళ్లు తిప్పి దిష్టి కూడా తీసేస్తారు. ఇందులో ఎవరినీ తప్పు పట్టాల్సింది లేదు. పిల్లల వాంతులకు కారణం చాలావరకు పొట్టలోనే ఉంటుంది, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది కూడా. నేను చెప్పదలచుకున్నది సర్దుకోని వాంతి గురించి, దాని వెనక అరుదుగా ఉండే ఒక గడ్డ గురించి.

పొట్ట వల్ల వచ్చే వాంతికి వేళాపాళా ఉండదు. జ్వరమో, విరేచనాలో తోడు వస్తాయి. తలలో ఒత్తిడి వల్ల వచ్చే వాంతికి మాత్రం తరచు ఒక వేళ ఉంటుంది: తెల్లవారుజామున, లేదా మంచం దిగిన కాసేపటికి. రాత్రంతా పడుకుని ఉండటంతో తలలో ఒత్తిడి పెరుగుతుంది. పిల్ల తలనొప్పితో లేస్తుంది, వాంతి చేసుకుంటుంది, ఆ తర్వాత కాస్త తేలికపడి బడికి వెళ్తానంటుంది. పదింటికల్లా ఆడుకుంటూ కనిపిస్తుంది. దాంతో ఇంట్లో రెండు అభిప్రాయాలు బయల్దేరతాయి. జబ్బేమీ లేదని ఒకరు, బడి ఎగ్గొట్టడానికి వేషాలని మరొకరు. రెండో మాట పిల్ల చెవిన పడితే ఇక తలనొప్పి గురించి చెప్పడమే మానేస్తుంది. అందుకని ఆ మాట అనకండి.

వాంతులతోపాటు ఇంకేం మారిందో చూడండి. నడిచేటప్పుడు తూలుతోందా, మెట్లు దిగేటప్పుడు కొత్తగా గోడ పట్టుకుంటోందా, నిన్నమొన్నటి దాకా తనే పెట్టుకున్న గుండీలు ఇప్పుడు పెట్టుకోలేకపోతోందా, మెడ ఒక పక్కకు వాల్చి చూస్తోందా, ఒకటి రెండుగా కనబడుతున్నాయంటోందా. చంటిపిల్లలు చెప్పలేరు కాబట్టి వాళ్లలో మాడు ఉబ్బడం, తల వయసుకు మించి పెరగడం, కనుగుడ్లు కిందికి వాలినట్టుండటం, వచ్చిన నడక పోవడం చూడాలి. పిల్లల మెదడులో గడ్డల్ని ఆలస్యం కాకుండా గుర్తించాలని బ్రిటన్‌లో 2011లో హెడ్‌స్మార్ట్ అనే ప్రచారం మొదలుపెట్టారు. అంతకు కొన్నేళ్ల ముందు అక్కడ సగం మంది పిల్లలకు లక్షణం మొదలైన రోజు నుంచి జబ్బు పేరు తెలిసే దాకా 14 వారాలకు పైగా పట్టేది. ప్రచారం తర్వాత అది 7 వారాల లోపుకు వచ్చింది. కొత్త యంత్రాలేవీ కనిపెట్టలేదు. వాంతులు రెండు వారాలు దాటినా, తలనొప్పి నాలుగు వారాలు దాటినా మెదడు సంగతి ఆలోచించమని ఇళ్లకూ క్లినిక్కులకూ చెప్పారు, అంతే. నడక తూలుతుంటే ఆ వారాలు కూడా ఆగనక్కర్లేదు.

డాక్టరు గదిలో పిల్ల చక్కగా కూర్చుంటుంది, చక్కగా మాట్లాడుతుంది. ‘ఏమో తేడాగా ఉందండీ’ అంటే ఆయనకు అంతుపట్టదు. ఇంట్లో నడిచేటప్పుడు ఫోన్లో వీడియో తీసి చూపించండి. ఏ తేదీన, ఎన్నింటికి వాంతి అయిందో కాలెండరు మీదే రాసి పెట్టండి. ‘ఎనిమిది రోజులుగా, రోజూ ఆరున్నరకు’ అన్న మాటకు ఉండే బరువు ‘అప్పుడప్పుడూ’ అన్న మాటకు లేదు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్తే అద్దాల నంబరుతో తిరిగి వచ్చేయకుండా కంటి వెనక నరం చూడమని, అంటే ఫండస్ పరీక్ష చేయమని అడగండి. తలలో ఒత్తిడి ఉంటే అక్కడ వాపు కనిపించవచ్చు. వాపు లేనంత మాత్రాన గడ్డ లేదని కాదు.

ఇక ఆ గడ్డ. పేరు మెడుల్లోబ్లాస్టోమా. తల వెనక భాగంలో, నడకను నిలకడగా ఉంచే చిన్నమెదడులో పుడుతుంది. హార్వీ కషింగ్, పెర్సివల్ బెయిలీ అనే అమెరికన్ డాక్టర్లు 1925లో దీనికి ఆ పేరు పెట్టారు. పది లక్షల మంది పిల్లల్లో ఏడాదికి సుమారు అయిదుగురికి వస్తుంది. అంటే అరుదే. కానీ పిల్లల మెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. వేగంగా పెరుగుతుంది. మెదడు నుంచి నీరు కిందికి దిగే దారి పక్కనే ఉంటుంది కాబట్టి ఆ దారిని మూసేస్తుంది. తలలో నీరు నిలిచి ఒత్తిడి పెరగడం, పొద్దుటి వాంతులు అన్నీ అక్కడి నుంచే.

ఆ నీరే ఇంకో పని కూడా చేస్తుంది. మెదడు చుట్టూ, వెన్నుపాము చుట్టూ పారేది ఒకటే నీరు. డాక్టర్లు సీఎస్ఎఫ్ అంటారు. పై పొలంలో కలుపు విత్తనం కాలువ నీళ్లలో పడితే చివరి ఆయకట్టులో మొలిచినట్టు, గడ్డ నుంచి రాలిన కణాలు ఈ నీటితోపాటు దిగి వెన్నుపాము మీద ఎక్కడైనా అంటుకోవచ్చు. జబ్బు బయటపడే నాటికే సుమారు 10 మంది పిల్లల్లో ముగ్గురికి ఇలా పాకి ఉంటుంది. మూడేళ్ల లోపు పిల్లల్లో ఇంకా ఎక్కువ.

చిక్కేమిటంటే వెన్నుకు పాకినా చాలామంది పిల్లలకు నడుం నొప్పి ఉండదు, కాళ్లు బాగానే ఆడతాయి. తల గొడవే పెద్దదిగా ఉన్న ఆ రోజుల్లో వెన్ను సంగతి ఎవరికీ తోచదు. తలకు సీటీ తీస్తారు, గడ్డ కనబడుతుంది, అంబులెన్సు, పెద్దాసుపత్రి, సంతకాలు. ఈ హడావిడిలో మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: వెన్ను మొత్తానికి కాంట్రాస్ట్‌తో ఎంఆర్ఐ తీస్తున్నారా, ఎప్పుడు తీస్తున్నారు? మీరు అడగకపోయినా అనుభవమున్న చోట తీస్తారు. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు.

ఎప్పుడు అన్నది ఎందుకంత ముఖ్యమో కొంచెం వివరంగా చెప్పాలి. మేలైన సమయం ఆపరేషన్‌కు ముందు. అదే గంటలో, అదే మత్తులో తలతోపాటు వెన్ను కూడా తీసేయవచ్చు. ఆపరేషన్ అయ్యాక తీస్తే ఒక ఇబ్బంది ఉంది. తల లోపలి నుంచి కొద్దిపాటి రక్తం వెన్నులోకి జారుతుంది. ఎంఆర్ఐలో అది కూడా తెల్లగా మెరవచ్చు, పాకిన గడ్డ కూడా తెల్లగా మెరవచ్చు. ఏది ఏదో తేల్చుకోలేక డాక్టర్లే తల పట్టుకుంటారు. అందుకే ముందు తీయలేకపోతే ఆపరేషన్ అయిన 48 నుంచి 72 గంటల లోపు తీస్తారు, లేదంటే రక్తం ఇంకిపోయేందుకు రెండు వారాలు ఆగుతారు. పిల్ల స్పృహ తప్పుతోంది, ఒత్తిడి ప్రమాదంగా ఉంది అంటే మాత్రం ఎంఆర్ఐ కోసం పట్టుబట్టకండి. నీటిని దించి ప్రాణం నిలబెట్టడమే ముందు. వెన్ను తర్వాత చూస్తారు.

రెండో పరీక్ష వెన్నులోంచి నీరు తీయడం. దీని మీద మన దగ్గర ఉన్నంత భయం మరే పరీక్ష మీదా లేదనుకుంటాను. కాళ్లు పడిపోతాయని, జీవితాంతం నడుం నొప్పి వదలదని ఆసుపత్రి వరండాలో ఎవరో ఒకరు చెప్పకుండా ఉండరు. సూది గుచ్చేది వెన్నుపాము ముగిసిన తర్వాత, నడుం కింది భాగంలో. అక్కడ పాము ఉండదు, నీళ్లలో తేలే నరాల పోగులు ఉంటాయి. ఒకటి రెండు రోజులు తలనొప్పి రావచ్చు, సూది పొడిచిన చోట సలపవచ్చు. అసలు జాగ్రత్త ఇంకోటుంది. తలలో గడ్డ ఉండి ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు కింద నుంచి నీరు తీస్తే మెదడు కిందికి జారే ప్రమాదం ఉంది. అందుకే ఈ పరీక్ష ముందు చేయరు, ఆపరేషన్ తర్వాత 10 నుంచి 14 రోజులు గడిచాక చేస్తారు. మరీ ముందుగా చేస్తే ఆపరేషన్‌లో చెదిరిన కణాలే కనబడి లేనిపోని అనుమానం పుట్టవచ్చు. ‘అప్పుడే తీసి ఉండాల్సింది, ఇన్ని రోజులు ఎందుకు ఆపారు’ అని మీ బావగారెవరో కోప్పడితే ఈ సంగతి ఆయనకూ చెప్పండి. ఎంఆర్ఐ బాగుంది కదా, మళ్లీ సూది దేనికని కూడా అడుగుతుంటారు. కంటికి కనబడే గడ్డ లేకపోయినా నీళ్లలో కణాలు ఉండవచ్చు, నీళ్లలో దొరక్కపోయినా వెన్ను మీద గడ్డ ఉండవచ్చు. రెండూ కావాలి.

ఇంత పట్టింపు ఎందుకంటే వైద్యం దీని మీదే ఆధారపడుతుంది. మూడేళ్లు దాటిన పిల్లలో గడ్డ దాదాపు పూర్తిగా తీసేయగలిగి, ఎక్కడికీ పాకకుండా ఉంటే తలకూ వెన్నుకూ కలిపి ఇచ్చే రేడియేషన్, మన ఊళ్లలో కరెంటు పెట్టడం అంటారే అది, మామూలుగా 23.4 గ్రే. పాకి ఉంటే 36 గ్రే. గడ్డ ఉన్న చోట అదనంగా ఇచ్చి మొత్తం 54 దాకా తీసుకెళ్తారు. ఆ 23కూ 36కూ మధ్య తేడా చిన్నది కాదు. ఎదిగే వెన్నుకు ఎక్కువ పడితే పిల్ల ఎత్తు తగ్గుతుంది, మెదడుకు ఎక్కువ పడితే చదువు నెమ్మదిస్తుంది, హార్మోన్లు తగ్గుతాయి. అక్కర్లేని పిల్లకు ఎక్కువ ఇవ్వడం అన్యాయం. అవసరమైన పిల్లకు తక్కువ ఇస్తే జబ్బు తిరగబడుతుంది. మూడేళ్ల లోపు వాళ్లకైతే రేడియేషన్‌ను వీలైనంత వరకు తప్పించి, మందులతో నడిపించాలని చూస్తారు.

పాకిందని తెలిస్తే అంతా అయిపోయిందనుకోకండి. కషింగ్ కాలంలో ఈ జబ్బు వచ్చిన పిల్లలు దాదాపు ఎవరూ దక్కేవారు కాదు. ఇవాళ పాకని పిల్లల్లో, వైద్యం పూర్తిగా అందిన చోట, 10 మందికి 8 మంది అయిదేళ్లు దాటుతున్నారు. పాకిన పిల్లల్లో ఆ లెక్క తగ్గుతుంది గానీ సగానికి పైగా దాటుతున్నారు. ఇవి పెద్ద గుంపుల లెక్కలు. మీ పిల్ల సంగతి మీ డాక్టరును అడిగి తెలుసుకోవాలి.

ముక్క పరీక్ష దగ్గర మరో నమ్మకం అడ్డుపడుతుంది: కోస్తే పాకుతుందని. ఈ జబ్బులో కోయకపోయినా పాకుతుంది, నీళ్లున్నాయి కాబట్టి. సర్జన్ ఊరికే ముక్క తీసి ఊరుకోరు. ప్రమాదం లేనంత మేర గడ్డనే తీసేసి పరీక్షకు పంపుతారు. ఆపరేషన్ థియేటర్లో ఉండగానే ఒక తొందర రిపోర్టు వస్తుంది. దాన్ని బట్టి ఏదీ ఖాయం చేసుకోకండి, చుట్టాలకు ఫోన్లు చేయకండి. అసలు రిపోర్టుకు వారం, పది రోజులు పడుతుంది. ఎందుకంటే మైక్రోస్కోపు కింద ఒకేలా కనిపించే గడ్డలు వేరేవి ఉన్నాయి. ఏటీఆర్‌టీ అని ఒకటుంది, ఎక్కువగా మూడేళ్ల లోపు పిల్లలకు వస్తుంది, ఇంకా మొండిది, అదీ వెన్నుకు పాకుతుంది, వైద్యం వేరు. ఐఎన్‌ఐ1 అనే రంగు పరీక్షలో రెండింటినీ విడదీస్తారు. మెడుల్లోబ్లాస్టోమాలో కూడా జన్యువుల్ని బట్టి డబ్ల్యూఎన్‌టీ, ఎస్‌హెచ్‌హెచ్, గ్రూప్ 3, గ్రూప్ 4 అని నాలుగు రకాలు చేశారు. డబ్ల్యూఎన్‌టీ రకం పిల్లలు చాలా బాగా కోలుకుంటారు, గ్రూప్ 3 పాకే గుణం ఎక్కువ ఉన్నది. ఈ పరీక్ష అన్ని చోట్లా ఉండదు, ముక్కను వేరే ఊరికి పంపాల్సి రావచ్చు. ఆ రోజుల్లో ఎదురుచూడటం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆ ఆలస్యం నిర్లక్ష్యం కాదు. రేడియేషన్ సాధారణంగా ఆపరేషన్ తర్వాత 4 నుంచి 6 వారాల్లో మొదలవుతుంది. మిగతా పరీక్షలన్నీ ఈ గడువులో పూర్తయ్యేలా తేదీలు వేసుకోండి. ఆ గడువును మాత్రం ఊరి జాతరకో, నాటు మందుకో వదులుకోకండి.

ఆపరేషన్ అయిన ఒకటి రెండు రోజులకు పిల్ల ఉన్నట్టుండి మాట్లాడటం మానేయవచ్చు. సుమారు నలుగురిలో ఒకరికి ఇలా అవుతుంది. వారాలు, ఒక్కోసారి నెలలు పట్టినా చాలామందికి మాట తిరిగి వస్తుంది, కొందరిలో నత్తి, తడబాటు మిగులుతాయి. ముందే తెలిస్తే భయం తగ్గుతుందని చెప్తున్నాను.

వెన్నే ముందుగా మొరపెట్టే గడ్డలు వేరే ఉన్నాయి. చిన్నపిల్లల్లో న్యూరోబ్లాస్టోమా పొట్టలోనో ఛాతీలోనో పుట్టి వెన్నుపూసల సందుల్లోంచి లోపలికి చొరబడి వెన్నుపామును నొక్కుతుంది. దానికి మూత్ర పరీక్ష కూడా సాయపడుతుంది. కాస్త ఎదిగిన పిల్లల్లో ఈవింగ్ సార్కోమా ఉంది. రక్త క్యాన్సర్ కూడా ఒక్కోసారి నడుం నొప్పితోనే బయటపడుతుంది. పెద్దవాళ్లకు నడుం నొప్పి మామూలే గానీ పిల్లలకు కాదు. రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, వంగి చెప్పు తీయమంటే మోకాళ్ల మీద కూర్చుని తీయడం, కొత్తగా పక్క తడపడం, మలబద్ధకం, కాళ్లు బరువెక్కడం చూస్తే బడి సంచీ బరువు వల్లనే అని సర్దిచెప్పుకోకండి. కాళ్లలో పట్టు తగ్గినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు, అది ఆదివారమైనా సరే, న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. నడక తిరిగి రావడం గంటల మీద ఆధారపడుతుంది.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. వెన్నులో మచ్చ కనబడగానే టీబీ అనుకోవడం. అది తప్పుడు ఆలోచన కాదు, పిల్లల వెన్నుకు టీబీ ఇక్కడ నిజంగానే వస్తుంది. కానీ ముక్క తీయకుండానే టీబీ మందులు మొదలుపెట్టి రెండు నెలలు చూద్దామంటే, గడ్డ అయిన పక్షంలో ఆ రెండు నెలలు దానికి వదిలేసినట్టే. ముక్క తీసి తేల్చుకోవచ్చా అని నెమ్మదిగా అడగండి. ఎందుకు వద్దంటున్నారో చెప్తే వినండి. చెప్పకపోతే ఇంకో డాక్టరును చూడండి.

ఎక్కడికి వెళ్లాలి? హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, నిమ్స్, బసవతారకం, విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, వేలూరు సీఎంసీ, ముంబై టాటా మన వాళ్లు ఎక్కువగా వెళ్లే చోట్లు. పేరు కన్నా నేను చూసేది ఒకటే: న్యూరోసర్జన్, పిల్లల క్యాన్సర్ డాక్టరు, రేడియేషన్ డాక్టరు, పెథాలజిస్టు ఒకే గదిలో కూర్చుని మీ పిల్ల ఫిల్ములు చూస్తారా లేదా. ట్యూమర్ బోర్డు అంటే అదే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ పరీక్ష వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి చీటీ మీద రాయించుకోండి.

మన వాళ్లలో ఆపరేషన్ ఒక ఊళ్లో, కరెంటు ఇంకో ఊళ్లో జరగడం మామూలు. రెండో ఊళ్లో మొదట అడిగేది కాగితాలే. ఫిల్ములు చాలవు, ఎంఆర్ఐ సీడీ కావాలి. ముందు తీసింది, తర్వాత తీసింది, రెండూ. డిశ్చార్జి సమ్మరీతోపాటు ఆపరేషన్ నోట్సు అడగండి. పెథాలజీ స్లైడ్లు, మైనపు దిమ్మలు కూడా రాతపూర్వకంగా అడిగి తీసుకోవచ్చు. వాటిని జాగ్రత్తగా, ఎండ తగలకుండా తీసుకెళ్లాలి. ఎండలో ఆపిన కారులో మైనపు దిమ్మ కరిగిపోతే లోపలి ముక్క పాడయ్యే ప్రమాదం ఉంది.

చివరిగా, ఇంట్లో జరిగే పంచాయితీ. మేనరికం చేసుకోబట్టి అని ఒక వైపు, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసింది కాబట్టి అని ఇంకో వైపు, సెల్‌ఫోన్ ఇచ్చారు కాబట్టి అని మూడో వైపు. ఎక్కువ మంది పిల్లల్లో ఈ గడ్డకు తల్లిదండ్రులు చేసినది, చేయనిది ఏదీ కారణం కాదు. కొద్దిమందిలో మాత్రం పుట్టుకతో వచ్చిన జన్యు లోపం ఉంటుంది. ఒంటి మీద కాఫీ రంగు మచ్చలుంటేనో, కుటుంబంలో చిన్న వయసు క్యాన్సర్లుంటేనో అది డాక్టరుకు చెప్పండి, పరీక్ష అవసరమో లేదో ఆయన తేలుస్తారు. ఆ తల్లి ముందు మాత్రం గ్రహణం మాట ఎత్తనివ్వకండి. ఆ పని తండ్రే చేయాలి.

పిల్లకు ఏం చెప్పాలి అంటే, వయసుకు తగ్గట్టు నిజం. అయిదేళ్ల పిల్లకు ‘తలలో ఒక గడ్డ ఉంది, అందుకే వాంతులు, డాక్టరు తీసేస్తారు’ చాలు. పన్నెండేళ్ల పిల్లాడు మీకన్నా ముందే ఫోన్లో చదివేసి ఉంటాడు. ఏం చదివాడో అడిగి వినండి, తర్వాత మీరు మాట్లాడండి. ఎంఆర్ఐ గదిలో పెద్ద చప్పుడు వస్తుందని, నొప్పి ఉండదని, కదలకూడదని ముందు రోజే చెప్పండి. ఆ చప్పుళ్ల వీడియో ఒకటి వినిపిస్తే ఇంకా మంచిది. మత్తు ఇచ్చేటట్టయితే ఆహారం 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలి. ఆసుపత్రి వాళ్లు వేరేలా చెప్తే వాళ్ల మాటే వినండి. ఏడుస్తోందని నానమ్మ చాటుగా బిస్కెట్ పెట్టిందంటే ఆ రోజుకి స్కాన్ వాయిదా. నానమ్మకు ముందు రాత్రే చెప్పి ఉంచండి.